ఆగమంటే ఆగని చేపలు

ఫిబ్రవరి 4

పిచ్చుకా,

నీ ఉత్తరం మొన్న మేత పడవలో వచ్చింది. బస్తాల మధ్య ఇరికించి తెచ్చారేమో, కవరు విప్పగానే చేపల కంపు గుప్పుమంది. ముక్కు మూసుకున్నా కళ్ళు మూసుకోలేదులే, రెండుసార్లు చదివాను. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందన్నావు. మా అక్క నొప్పులు తగ్గితే నోరు పెరుగుతుంది, నువ్వు జాగ్రత్త.

ముప్పై ఏళ్ళు ఒడ్డున కూర్చుని వలలు అల్లినవాడికి ఈ కాపలా పని ఎలా ఉందని అడిగావు. ఒడ్డు నుంచి పడవలో నలభై నిమిషాలు వస్తే సముద్రం మీద తేలే ఒక చెక్కబల్ల. దాని మీద రేకుల గది. అందులో నేను. చుట్టూ నాలుగు గుండ్రటి వల పంజరాలు, ఒక్కోదాంట్లో మీ ఆఫీసు మొత్తం పడుతుంది, ఫైళ్ళతో సహా. ఫోను ఇక్కడ ఉత్త అద్దం ముక్క, మొహం చూసుకోవడానికి తప్ప పనికిరాదు. పంజరాలు మీ మత్స్య శాఖవి, చెమట పన్నెండు కుటుంబాల సంఘానిది. నాకు జీతం ఇచ్చేదీ సంఘమే.

ఇక చేపలు. కోబియా అంటారు. ఆగస్టులో వేలెడంత పిల్లల్ని వదిలాం. ఆరు నెలలు తిరక్కుండా నాలుగు కిలోలు! నిన్ను పాతికేళ్ళు పెంచినా నలభై రెండు దాటలేదు. పొద్దున లేచి చూస్తే నిన్నటి చేప కాదు. పడవ చప్పుడు వింటే కుక్కపిల్లల్లా ఎగబడి వస్తాయి. టోకు బేరగాడు నెలాఖరు లోపు వచ్చి మొత్తం ఎత్తుకుపోతానన్నాడు. అయిదు కిలోలు దాటితే వాడి పెట్టెల్లో పట్టవట, అప్పుడు మొహం తిప్పుకుంటాడు. కాబట్టి ఈ నెలే మా పంట.

డైరెక్టరు గది బయట కూర్చుని టైపు కొట్టే మనిషివి కదా, మీ శాఖ పుణ్యాన ఒక మంచి పని జరిగిందని నువ్వైనా తెలుసుకోవాలని రాస్తున్నాను.

నీళ్ళ మీద ఊగుతూ,
మావయ్య

ఫిబ్రవరి 12

మావయ్యా,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో పైకే నవ్వేశాను. డైరెక్టరు గారు తలుపు తీసి ఏంటమ్మా అన్నారు. దాచడం ఎందుకని నాలుగు కిలోల ముక్క చదివి వినిపించాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు మావయ్యా! మీరు ప్రతి వారం పంపే నివేదికలు ఆయన ఒక్కటీ చూడలేదట. బీరువాలో ఉన్నాయి, నేనే పెట్టాను.

ఇప్పుడు మీ పంజరాలకి మహర్దశ. మార్చి మొదటి వారంలో ప్రారంభోత్సవం! "ఆరు నెలలుగా నడుస్తున్నదాన్ని ప్రారంభించడం ఏంటండీ" అన్నాను. "నడుస్తోంది కానీ ప్రారంభం కాలేదు కదమ్మా" అన్నారు. ముఖ్య అతిథి స్వహస్తాలతో మొదటి చేపని పైకి తీస్తారు. అది మొదటి చేప కావాలి కాబట్టి అంతవరకు ఒక్క చేపని కూడా అమ్మకూడదని ఉత్తర్వు. ఈ ఉత్తరంతో పాటే వస్తుంది, టైపు కొట్టింది నేనే. మీ సంఘం ప్రెసిడెంటు పెద్దాయన్ని సంతకం పెట్టి పంపమను. స్వాగతోపన్యాసం ఆయనదే.

నా వల్ల మీకు మంచి జరిగిందని అమ్మ మూడిళ్ళవాళ్ళకి చెప్పింది. మా అద్దె ఇంటి ఓనరావిడ మాత్రం కుళాయి సాయంత్రం ఆరు తర్వాత తిప్పకూడదని కొత్త రూలు పెట్టింది. నీళ్ళ మధ్య ఉండేవాడివి, నీకేం తెలుస్తుంది మా బాధ.

గర్వంతో,
పిచ్చుక

ఫిబ్రవరి 20

పిచ్చుకా,

మంచి చేశావో ముంచావో ఇంకా తేలలేదు. బేరగాడు వచ్చాడు, ఉత్తర్వు చూశాడు, పెట్టెలు వెనక్కి వేసుకుని పోయాడు. సరే, మార్చి మొదటి వారం ఎంత దూరం అనుకున్నాం. నిన్న మీవాళ్ళు వైర్‌లెస్‌లో చెప్పారు, రెండో వారమట. చేపలకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పెరుగుతున్నాయి.

నాకు మరో దిగులు. పెద్దాయన మూడు రోజుల నుంచి ఏమీ ముట్టడం లేదు. అందర్నీ పక్కకి నెట్టి ముందు తనే తినే ఘటం, ఇప్పుడు ఒక మూల నిలబడిపోయాడు. ఒంటి మీద ఎర్రమచ్చలు. ఊరికే వెళ్ళి వలకి ఒళ్ళు రుద్దుకుంటున్నాడు. పిలిస్తే చూస్తాడు, రాడు. పోతాడేమోనని భయంగా ఉంది. అంత బలిసిన శరీరాన్ని చూస్తేనే ముచ్చట వేసేది.

రబ్బరు బూట్లలో కాళ్ళు నాని ముడతలు పడ్డాయి. మీ అమ్మతో చెప్పకు.

మావయ్య

మార్చి 1

మావయ్యా,

నీ ఉత్తరం చూసి నా గుండె జారింది. ఆ వయసులో అన్నం మానేసి, వలకి ఒళ్ళు రుద్దుకునే స్థితికి వచ్చాడంటే పాపం! సంఘం ప్రెసిడెంటు మంచం పట్టాడని వెంటనే డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన చాలా కదిలిపోయారు. "స్వాగతోపన్యాసం చేసే మనిషే అలా ఉంటే సభ ఎలా జరుపుతాం, మానవత్వం ఉండొద్దా" అని ప్రారంభోత్సవాన్ని ఏప్రిల్‌కి మార్పించారు. ఒక పండ్లబుట్ట, చర్మ వ్యాధుల డాక్టరు బయల్దేరారు. త్వరగా కోలుకోవాలని శాఖ తరఫున ఒక ఉత్తరం కూడా, అందరి సంతకాలతో.

చేపలు పెరుగుతున్నాయని కూడా చెప్పాను. దానికీ ఉత్తర్వు వేశారు. "తేదీ ఖరారయ్యే వరకు చేపల పెరుగుదలను ప్రస్తుత స్థాయిలో నిలిపి ఉంచవలసిందిగా ఆదేశించడమైనది." నాకు కొంచెం అనుమానం వచ్చింది కానీ, పైవాళ్ళకి ఏదో పద్ధతి తెలిసే ఉంటుందిలే అని కొట్టేశాను.

పెద్దాయనకి నా నమస్కారాలు చెప్పు.

పిచ్చుక

మార్చి 9

ఓసి పిచ్చుక మొహమా!

పెద్దాయన అంటే చేప! రెండో పంజరంలో అన్నిటికన్నా పెద్ద చేప! నేను ముద్దుగా పెట్టుకున్న పేరు. మంచినీళ్ళ తొట్టిలో అయిదు నిమిషాలు ముంచి తీస్తే ఒంటి పురుగు రాలిపోయింది, ఇప్పుడు మళ్ళీ అందర్నీ నెట్టి తింటున్నాడు.

ప్రెసిడెంటు సంగతి విను. దుక్కలాంటి మనిషి, పడవకి రంగు వేసుకుంటున్నాడు. డాక్టరు దిగి "చొక్కా విప్పండి" అన్నాడు. వెనకే పండ్లబుట్ట. దాని వెనక పదిహేడు సంతకాల ఉత్తరం. చదివిన మనిషి బ్రష్షు కింద పెట్టాడు. "నాకు తెలియని రోగం అంత పెద్ద ఆఫీసుకి తెలిసిందంటే చిన్న రోగం అయి ఉండదు" అన్నాడు. అప్పటి నుంచి మంచం దిగలేదు. నీకేం లేదయ్యా అని డాక్టరే చెప్పినా, చెప్పకూడనిది కాబట్టే అలా అన్నాడంటాడు. పండ్లు మాత్రం తింటున్నాడు.

ఇక పెరుగుదల నిలపమన్న ఉత్తర్వు. పంజరం దగ్గర నిలబడి చేపలకి పైకి చదివి వినిపించాను. సంతకం పెట్టలేదు. మేత సగానికి కోశాను. ఆకలికి వల కొరికాయి, చెయ్యి పట్టేంత కన్నం. ఊపిరి బిగబట్టి నీళ్ళలోకి దిగి నేనే కుట్టాను, వల అల్లే పని అక్కరకొచ్చింది.

హాస్యం చాలు. ఇది జాగ్రత్తగా చదువు, అలాగే డైరెక్టరుకి చెప్పు, ఒక్క ముక్క మార్చకు. ఒక్కో చేప అయిదు కిలోలు దాటింది. అదే పంజరం, అవే నీళ్ళు. ఎండలు ముదిరి, గాలి పడిపోయి, నీళ్ళు కదలని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు వీటికి ఊపిరాడదు. చచ్చిపోతాయి. పన్నెండు కుటుంబాల ఏడాది కష్టం అది. ఏప్రిల్ దాకా ఆగలేం, ఇప్పుడే పట్టుకోనివ్వండి.

మావయ్య

మార్చి 27

మావయ్యా,

సిగ్గుతో చచ్చిపోయాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, ప్రెసిడెంటు గారు కోలుకుంటున్నారని మాత్రం చెప్పాను.

నీ మాటలు నోట్ పెట్టాను. ఫలితం వెంటనే వచ్చింది, అయితే నువ్వు అనుకున్నట్టు కాదేమో. "వేసవిలో పంజరాల వద్ద గాలి చాలక కొంత ఇబ్బంది కలిగే అవకాశం కలదు" అని రాశాను. సిబ్బంది సంక్షేమం కింద రెండు సీలింగ్ ఫ్యాన్లు మంజూరయ్యాయి. మీ రేకుల గదికి కరెంటు లేదని రెండో నోట్ పెట్టాను, అది వేరే సెక్షనట.

ఇంకోటి. ఫొటోలో చేపలు బక్కగా కనపడకూడదట, మేత తగ్గించొద్దన్నారు. పెరగనివ్వకుండా లావు చెయ్యాలి. ముఖ్య అతిథి విదేశాల్లో ఉన్నారు, వచ్చాక తేదీ చెప్తారు. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు మావయ్యా. గట్టిగా అడిగితే డైరెక్టరు గారికి కోపం వస్తుంది. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

నీ,
పిచ్చుక

ఏప్రిల్ 16

పిచ్చుకా,

ఆ రోజు వచ్చింది. సోమవారం.

పొద్దున ఆరున్నరకి పంజరం దగ్గరికి వెళ్తే నీళ్ళు నూనెలా నిలబడిపోయి ఉన్నాయి. గాలి ఆకు కదిలేంత కూడా లేదు. నాలుగు పంజరాల్లోనూ చేపలన్నీ పైకొచ్చేసి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. చప్పుడు లేదు. పడవ వస్తే ఎగబడే చేపలు నా వైపు కూడా తిరగలేదు. పెద్దాయన అప్పటికే వెల్లకిలా తేలుతున్నాడు.

ఉత్తర్వు నా చొక్కా జేబులో ఉంది. ఒక నిమిషం నిలబడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ నిమిషంలో ఇరవై పోయాయి. అప్పుడు వైర్‌లెస్ అందుకుని ఒడ్డుకి కేకేశాను.

పన్నెండు ఇళ్ళూ వచ్చాయి. మేత పడవ నడిపే ఆవిడ కూడా పడవతో సహా వచ్చింది. కానీ వల మీద చెయ్యి వెయ్యడానికి అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పంజరాలు శాఖవి, మళ్ళీ పిల్లల్ని ఇవ్వరేమో, కేసు పెడతారేమో. అప్పుడు ప్రెసిడెంటు దుప్పటితోనే పడవ దిగాడు. "నేను పోతానని ఆఫీసు ఎప్పుడో తేల్చేసింది. పోయేవాడి మీద ఏం కేసు పెడతారు? లాగండి!" అని మొదటి తాడు తనే పట్టుకున్నాడు. అంతే. మధ్యాహ్నం రెండింటిదాకా ఎవరూ మంచినీళ్ళు కూడా తాగలేదు. ఆరు వందలు చచ్చిపోయాయి. మిగతా మూడు వేల పైచిలుకు పైకి తీశాం. టోకు బేరగాడు రాడు కాబట్టి చుట్టుపక్కల చేపలమ్మే ఆడవాళ్ళందరికీ కబురు పెట్టాం, తట్టలతో వచ్చి పంచుకుని పోయారు. ఆశించినంత రాలేదు కానీ ఏ ఇల్లూ పస్తుండదు.

పెద్దాయన పక్కన కూర్చుంటే పడవావిడ అంది, "ఈ జాతిలో అంత పెరిగేవి ఆడవేనయ్యా. ఇన్నాళ్ళూ ఆయన ఆయన అన్నావు." ఏం చెప్పను. నా చేతి మేత తిన్న ప్రాణి, దాని పేరే తప్పు పెట్టాను.

నువ్వు ఏం నోట్ పెట్టావో ఫ్యాన్లు చూస్తేనే అర్థమైంది. తిట్టను. కానీ చచ్చిపోతాయి అని రాశాను నేను.

మావయ్య

ఏప్రిల్ 24

మావయ్యా,

ముందు కోపం వచ్చింది. ఒక్క మాట నాతో చెప్పకుండా ఎంత పని చేశాడు, నా పీకల మీదకి తెచ్చాడు అనుకున్నాను. అమ్మ దగ్గర నిన్ను తిట్టాను. అమ్మ అంతా విని, "వాడు నీకు చెప్పలేదా, నువ్వు వినలేదా?" అంది. పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

బీరువా తీసి నీ ఉత్తరం పక్కన నా నోట్ పెట్టుకుని చూశాను. నువ్వు "చచ్చిపోతాయి" అన్నావు. నేను "కొంత ఇబ్బంది" అని కొట్టాను. డైరెక్టరు గారి మనసు నొచ్చుకోకూడదని ఆరు వందల ప్రాణాల్ని మర్యాదగా చంపాను మావయ్యా. క్షమించమని అడగడానికి కూడా నా దగ్గర ఆఫీసు మాటలే మిగిలాయి.

ఇప్పుడు సంగతి విను. డైరెక్టరు గారికి తెలిసింది. అదే రోజు ముఖ్య అతిథి తేదీ ఇచ్చారు, మే రెండు. ఇక మార్చలేరు. కాబట్టి చేపల్ని కోల్డ్ స్టోరేజీ నుంచి తెస్తున్నారు. చిన్న వలలో వేసి పంజరం లోపల వేలాడదీస్తారు, ఆయన లాగుతారు. చేపల దొంగతనం కింద నిన్ను పనిలోంచి తీసేసే ఉత్తర్వు సిద్ధమవుతోంది, అయితే ఉత్సవం అయ్యాకే ఇస్తారు. పంజరం ముడి విప్పడం ఇంకెవరికీ రాదట. ఆ ఉత్తర్వు టైపు చెయ్యమని నా బల్ల మీద పెట్టారు. ఇంకా చెయ్యలేదు.

పిచ్చుక

మే 3

పిచ్చుకా,

అయిపోయింది. నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి, కాబట్టి వంకర అక్షరాలు సర్దుకో.

ముఖ్య అతిథి పెద్ద పడవలో వచ్చారు, తెల్ల బూట్లు, చెవికి ఫోను. ఫోను పనిచెయ్యదని ఆయనకి ఎవరూ చెప్పలేదు, పాపం చివరిదాకా పెట్టుకునే ఉన్నారు. నేను ముడి విప్పాను. ఆయన తాడు లాగారు. చేప పైకొచ్చింది. పలకలా బిగుసుకుపోయి నిలువుగా వచ్చింది! పైగా అది మన చేప కూడా కాదు, వేరే జాతి. పడవావిడ నా చెయ్యి గిల్లింది.

"ఇంత చల్లగా ఉందేంటి?" అన్నారాయన.

"లోతు నీళ్ళు సార్, లోపల చల్లగా ఉంటాయి," అన్నాడు మీ డైరెక్టరు.

ఆయన తిరగేశారు. "కడుపు కోసి ఉందే?"

మీ డైరెక్టరుకి చెమట పట్టింది. "శుభ్రమైన రకం సార్. మన శాఖ ప్రత్యేకత."

ఆయన తల ఊపారు! ఫొటోలు తీశారు. ప్రెసిడెంటుని మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. "అయ్యా, పండ్లు పంపారు, బాగున్నాయి. నేను చావలేదు. చేపలు చచ్చిపోతుంటే మేమే పట్టి పదిహేను రోజుల కిందట అమ్మేశాం. ఈ చేప ఎవరిదో మాకు తెలీదు." అందరూ చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి అందరికన్నా గట్టిగా కొట్టారు. ఒక్కళ్ళు కూడా వినలేదమ్మా.

ఇవాళ నా ఉత్తర్వు వచ్చింది. ప్రెసిడెంటు దాని వెనకే రాసి తిప్పి పంపాడు: "ఈ మనిషికి జీతం ఇచ్చేది సంఘం. మీ దగ్గర లేని ఉద్యోగిని మీరు తీసేయలేరు." దొంగతనమని అందులో ఉన్న మాట మాత్రం గుచ్చుకుంది. టైపు నువ్వు కొట్టావా?

మావయ్య

మే 12

మావయ్యా,

నేను కొట్టలేదు. పక్క సెక్షన్లో కొట్టించారు. "దొంగతనము"కి దీర్ఘం ఎక్కడ పెట్టారో చూస్తే తెలుస్తుంది, నేనైతే అంత తప్పు రాయను.

నేను కొట్టింది వేరే. ఉత్సవం నివేదిక పైకార్యాలయానికి పంపాలి, అది నా పనే. మొదటిసారి ఉన్నదున్నట్టు కొట్టాను. "ఫిబ్రవరిలో పట్టవలసిన చేపలను తేదీ కోసం ఆపించాము. ఏప్రిల్‌లో ఆరు వందల చేపలు ఊపిరాడక చచ్చిపోయాయి. కాపలాదారు ముందే హెచ్చరించాడు, అతని ఉత్తరం జతపరచడమైనది. ఆ హెచ్చరికను నేను మార్చి రాశాను. మిగిలిన చేపలను సంఘమే కాపాడింది. ఉత్సవంలో చూపినది కొన్న చేప." డైరెక్టరు గారు మామూలుగానే చదవకుండా సంతకం పెట్టారు.

పైనుంచి జవాబు వచ్చాక చదివారు. నన్ను పిలిచి ఆ కాగితం నా ముందు పెట్టారు. తర్వాత "నీ మీద నమ్మకం పెట్టుకున్నానమ్మా" అన్నారు. నాకు నిజంగా బాధేసింది, ఆయన చెడ్డవాడు కాదు, చదవడు, అంతే. ఆయన్ని ఇంకో శాఖకి డైరెక్టరుగా పంపారు, చెట్లట. చెట్లు మెల్లగా పెరుగుతాయి కాబట్టి సరిపోతుందేమో. వెళ్తూ వెళ్తూ ఆయన పెట్టిన ఆఖరి సంతకం నా బదిలీ. ఎవరూ వెళ్ళని చోటికి, శిక్షగా. పంజరాల పర్యవేక్షణ సహాయకురాలు. ఇరవై ఆరున చేరాలి. ఆఫీసంతా నన్ను చూసి జాలిపడుతోంది. అమ్మ మాత్రం నా సంచి అప్పుడే సర్దేసింది.

నీకు ఇష్టమేనా? నిజం చెప్పు.

పిచ్చుక

మే 19

పిచ్చుకా,

ఇష్టమా అని అడుగుతావేంటి, మొద్దూ. ఆ దొంగ మాట రద్దు చేస్తూ కూడా మొన్న కాగితం వచ్చింది. రెండుసార్లు చదివి దిండు కింద పెట్టాను.

కొత్త పిల్లలు నిన్న వచ్చాయి, నాలుగు వేలు, వేలెడంత. పది రోజుల్లో నువ్వు గుర్తుపట్టలేవు. అంచు వెడల్పుగా ఉన్న టోపీ తెచ్చుకో, తాడుతో గడ్డానికి కట్టుకునేది. బూట్లు ఒక సైజు పెద్దవి కొను. చీరలు వద్దు. నీ గదికి రేకులు వేశాం, పడవావిడ తలుపు బిగించింది, కొంచెం వంకరగా ఉంది కానీ మూసుకుంటుంది. కుళాయి లేదు కాబట్టి దాని మీద రూలూ లేదు.

ఒక్కటి నేర్చుకుని రా. ఇక్కడ ఇంజను మోత, గాలి మోత, నీళ్ళ మోత. మెల్లగా, మర్యాదగా చెప్పిన మాట పక్క పంజరం దాకా కూడా పోదు. ఏదైనా చెప్పాలంటే గొంతు చించుకుని అరవాలి. బస్సులో నీ పక్కవాళ్ళు ఏమనుకున్నా సరే, అక్కడి నుంచే సాధన మొదలెట్టు.

ఒడ్డున నిలబడి ఉంటాను,
మావయ్య